భూభౌతిక శాస్త్రవేత్త ఉద్యోగం: ఎక్కడ వెతకాలి, ఏమి చూపాలి

భూభౌతిక శాస్త్రంలో పట్టా చేతికి రాగానే చాలామంది ఉద్యోగ ప్రకటనల్లో ‘జియోఫిజిసిస్ట్’ అన్న మాట కోసం వెతుకుతారు. నాలుగు ప్రకటనలు కనిపిస్తాయి, వాటిలో మూడు ఏళ్ల తరబడి అనుభవం అడుగుతాయి, దాంతో ఈ రంగంలో కొత్తవారికి చోటు లేదన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నా ఉద్దేశంలో పొరపాటు ఆ మొదటి అడుగులోనే ఉంది. ఈ శాస్త్రం తెలిసినవారికి జీతమిచ్చే సంస్థల్లో చాలావాటికి భూభౌతిక శాస్త్రం మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ ఉండదు. తవ్వకముందే నేల కింద ఏముందో వాటికి తెలియాలి, అంతే. గని కంపెనీకి తరువాతి బోరు ఎక్కడ వేయాలో తెలియాలి. వంతెన కట్టేవారికి గట్టి రాయి ఎంత లోతులో తగులుతుందో తెలియాలి. సముద్రంలో గాలిమరలు నిలిపేవారికి పునాది దిగే చోట పాత యుద్ధకాలపు పేలని బాంబు లేదని తేలాలి. అందుచేత నేల కింది సంగతి తెలియక ఎవరి నిర్ణయం ఆగిపోయి ఉందో, ఎవరి డబ్బు వృథా అవుతోందో ముందుగా ఆలోచించి, అక్కడి నుంచి అన్వేషణ మొదలుపెట్టాలి.

ఎవరికి మీ అవసరం ఉంది

సైస్మిక్ సర్వేల మీద, అంటే నేలలోకి కంపన తరంగాలను పంపి తిరిగివచ్చేవాటిని కొలిచే సర్వేల మీద, అందరికంటే ఎక్కువ ఖర్చు చేసేది ఇప్పటికీ చమురు, సహజవాయు పరిశ్రమే. జీతాలు అక్కడ బాగుంటాయి, ఒడుదొడుకులు కూడా అక్కడే తీవ్రంగా ఉంటాయి. 2014 మధ్యలో బ్యారెల్‌కు 100 డాలర్ల పైన ఉన్న ముడిచమురు ధర 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడిపోయింది. ఆ మధ్యకాలంలో సర్వే నౌకలు రేవుల్లో నిలిచిపోయాయి, ఎంతో అనుభవం ఉన్నవారు కూడా ఉద్యోగాలు కోల్పోయారు. ఆ ఏడాదుల్లో చదువు ముగించిన విద్యార్థులకు ఉద్యోగం దొరకలేదంటే అది వారి లోపం కాదు. చమురు ధర పడినప్పుడు అన్వేషణ బడ్జెట్లకే మొదట కోత పడుతుందన్న సంగతి మనసులో ఉంచుకుని, ఆ రంగాన్ని కోరుకునేవారు రెండో దారిని కూడా ముందే చూసుకోవాలి.

ఆ రెండో దారి చాలామందికి నేలకు దగ్గరగా జరిగే సర్వేల్లో దొరుకుతుంది. కట్టడాల స్థలపరిశీలన, భూగర్భజలాలు, ఆనకట్టల్లో ఊట, పాత గనుల ఖాళీలు, నేలలోకి ఇంకిన కాలుష్యం, పైపులు, కేబుళ్ల ఆచూకీ వంటి పనులన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ పరికరాలు చిన్నవి, సర్వేలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి, సంస్థల్లో ఐదారుగురో ఇరవైమందో ఉంటారు. అలాంటి చోట చేరిన కొత్తవారు ఒకే ఏడాదిలో నేల విద్యుత్ నిరోధాన్ని కొలిచే రెసిస్టివిటీ, పొరల్లో వంగే కంపన తరంగాలను కొలిచే సైస్మిక్ రిఫ్రాక్షన్, రేడియో తరంగాలతో నేల కింద చూసే గ్రౌండ్ పెనట్రేటింగ్ రాడార్, అంటే జీపీఆర్, మూడూ చేతితో పట్టి, నివేదిక కూడా తామే రాస్తారు. పెద్ద సంస్థలో ప్రాసెసింగ్‌లో, అంటే ముడి కొలతలను శుద్ధిచేసే పనిలో, ఒక్క మెట్టు మీదే రెండేళ్లు కూర్చునేవారికి ఈ అవకాశం రాదు. భూకంపాలను తట్టుకునేలా భవనాలను రూపొందించడానికి పై 30 మీటర్ల నేలలో, నేలను అడ్డంగా ఊపుతూ సాగే కోత తరంగాల సగటు వేగాన్ని, అంటే వీఎస్30ని, అనేక నిర్మాణ నియమావళులు అడుగుతాయి. దాన్ని ఉపరితల తరంగాల పద్ధతిలో కొలవడం వచ్చినవారికి ఇంజనీరింగ్ సలహా సంస్థల్లో పని దొరికే అవకాశం బాగా ఉంటుంది.

సముద్రపు గాలిమరల రంగం ఈ మధ్య ఎందరికో మొదటి ఉద్యోగాన్ని ఇస్తోంది. ఒక్కొక్క మర నిలిచే చోట సముద్రపు అడుగును, దాని కింది పొరలను, ఇనుప వస్తువులను విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది కాబట్టి సోనార్, హై రిజల్యూషన్ సైస్మిక్, మాగ్నెటోమీటర్ తెలిసినవారు నౌకల మీద కావాలి, వారు తెచ్చిన కొలతలను చదివేవారు ఒడ్డున కావాలి. భూమిలో కార్బన్ డయాక్సైడ్ నిల్వచేసే ప్రాజెక్టులూ ఇలాంటివే. నార్వే సముద్రప్రాంతంలోని స్లీప్నర్ వాయుక్షేత్రం వద్ద 1996 నుంచి ఆ వాయువును ఇసుకరాతి పొరలోకి పంపుతున్నారు, అది ఎటు పాకుతున్నదో మళ్లీ మళ్లీ చేసే సైస్మిక్ సర్వేల ద్వారా గమనిస్తున్నారు. చమురు వెతకడానికి నేర్చిన విద్యే అక్కడ మరో పనికి వస్తోంది.

ఖనిజాన్వేషణలో మాగ్నెటిక్, ఎలక్ట్రోమాగ్నెటిక్ పద్ధతులు, నేలలో విద్యుదావేశం నిలిచే తీరును కొలిచే ఇండ్యూస్డ్ పోలరైజేషన్ పద్ధతి వచ్చినవారిని తీసుకుంటారు. నెలల తరబడి గుడారాల్లో ఉండగలిగినవారికే అది సరిపోతుంది. భూతాపశక్తి కోసం భూమి సహజ విద్యుదయస్కాంత మార్పులను కొలిచే మాగ్నెటోటెల్యూరిక్ సర్వేలు చేసే బృందాలున్నాయి. భూకంప శాస్త్రం ఇష్టమైనవారికి జాతీయ పరిశీలనా కేంద్రాలు, విశ్వవిద్యాలయాలు, బీమా రంగానికి భూకంప నష్టాన్ని అంచనా కట్టే సంస్థలు ఉన్నాయి. అణుపరీక్షల సమగ్ర నిషేధ ఒప్పందం అమలును గమనించే సంస్థ వియన్నాలో ఉంది. దాని పర్యవేక్షణ వ్యవస్థలో 50 ప్రధాన, 120 సహాయక సైస్మిక్ కేంద్రాలు ఉండాలని ఒప్పందమే నిర్దేశించింది, కాబట్టి సంకేతాలను విశ్లేషించేవారి అవసరం అక్కడ శాశ్వతంగా ఉంటుంది.

ఇంత విస్తృతమైన రంగంలో పదవుల పేర్లు ఒకేలా ఉండవు. సైస్మిక్ ప్రాసెసర్, ఇంటర్‌ప్రెటర్, ఫీల్డ్ ఇంజనీర్, లాగింగ్ ఇంజనీర్, పెట్రోఫిజిసిస్ట్, హైడ్రోగ్రాఫిక్ సర్వేయర్, సబ్‌సర్ఫేస్ అనలిస్ట్, జియోసైన్స్ డేటా మేనేజర్ అని ప్రకటనలు రకరకాలుగా పడతాయి. అందువల్ల పదవి పేరుతో పాటు పద్ధతి పేరుతో, ఆ సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ పేరుతో కూడా వెతకండి. ‘జియోఫిజిసిస్ట్’ అని వెతికితే పైకి రాని ప్రకటన ‘జీపీఆర్’ అని వెతికితే వస్తుంది.

చూపించడానికి ఒక్క పని

అనుభవం లేనివారిని తీసుకోరు, తీసుకోకపోతే అనుభవం రాదు. ఈ ముడి విప్పడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఒక్కటే. బహిరంగంగా దొరికే డేటా ఒకటి తీసుకుని, ముడి కొలత నుంచి చివరి నిర్ణయం దాకా ఒంటరిగా నడిపించి, ఆ పనిని ఎవరైనా చూడగలిగేలా ఉంచడం. పది చిన్న అభ్యాసాలకంటే ఇలా పూర్తిచేసిన ఒక్క పనికే విలువ ఎక్కువ.

డేటాకు కొరత లేదు. నార్వేలోని వోల్వే చమురుక్షేత్రపు సైస్మిక్, బావుల, ఉత్పత్తి సమాచారాన్ని ఈక్వినార్ సంస్థ 2018లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఆ క్షేత్రం 2008 నుంచి 2016 దాకా పనిచేసింది కాబట్టి దాని కథంతా ఒకేచోట దొరుకుతుంది. నెదర్లాండ్స్ సముద్రభాగంలోని ఎఫ్3 బ్లాకు త్రీడీ సైస్మిక్ డేటా ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు అక్షరాభ్యాసంలా ఉపయోగపడుతోంది. జియోసైన్స్ ఆస్ట్రేలియా తన మాగ్నెటిక్, గ్రావిటీ సర్వేలను ఉచితంగా ఇస్తుంది. ప్రపంచవ్యాప్త భూకంప తరంగాల రికార్డులను పైథాన్‌లో ఆబ్స్‌పై అనే ఉచిత సాధనంతో నేరుగా తెచ్చుకోవచ్చు. రెసిస్టివిటీ ఇన్వర్షన్‌కు, అంటే కొలతల నుంచి నేల కింది నమూనాను రాబట్టడానికి, పైగిమ్లి, ఇతర పద్ధతులకు సిమ్‌పెగ్, సైస్మిక్ ప్రాసెసింగ్‌కు మడగాస్కర్, సైస్మిక్ యునిక్స్ ఉన్నాయి. ఏ లైసెన్సుకూ డబ్బు కట్టనక్కరలేదు.

పని ఎంత లోతుగా ఉండాలో ఒక ఉదాహరణతో చెబుతాను. సైస్మిక్ డేటా ఎక్కువగా సెగ్-వై అనే ఫైలు రూపంలో వస్తుంది. 1975లో ప్రమాణంగా వెలువడిన ఆ రూపంలో మొదట ఫైలు వివరాలు చెప్పే 3200 బైట్ల పాఠ్య హెడర్, తరువాత 400 బైట్ల బైనరీ హెడర్, ఆపైన ప్రతి ట్రేసుకూ, అంటే ఒక్కో చోట నమోదైన తరంగ రేఖకూ, ముందు 240 బైట్ల హెడర్ ఉంటాయి. కొత్తవారు ఫైలును తెరిచి నేరుగా బొమ్మ గీస్తారు. మీరు అలా చేయకండి. ముందు ట్రేసుల నిరూపకాలను చదివి మ్యాపు మీద చుక్కలుగా పెట్టి చూడండి. ట్రేసు హెడర్‌లో 71వ బైట్ దగ్గర ఒక చిన్న సంఖ్య ఉంటుంది. అక్కడ ఋణ 100 అని ఉంటే నిరూపకాలను 100తో భాగించాలని అర్థం. దాన్ని గమనించకపోతే సర్వే మొత్తం ఎక్కడో లేనిచోట పడుతుంది, పక్కనున్న బావులతో ఎన్నటికీ కలవదు. పాఠ్య హెడర్‌లో రాసిన బైట్ స్థానాలకూ ఫైలులో నిజంగా ఉన్నవాటికీ పొంతన లేకపోవడం కూడా తరచుగా జరిగేదే. మీ నివేదికలో ‘నిరూపకాలను ఇలా సరిచూశాను, ఈ తేడా కనిపించింది, ఇలా దిద్దాను’ అని ఒక్క పేరా ఉంటే, చదివే అనుభవజ్ఞుడికి మీరు డేటాతో నిజంగా కూర్చున్నారని వెంటనే తెలిసిపోతుంది. రంగుల బొమ్మలు ఎన్ని పెట్టినా ఆ నమ్మకం కలగదు.

నివేదిక చివర ఒక సిఫారసు తప్పకుండా ఉండాలి. బోరు వేయమంటారా, వద్దంటారా? వేయమంటే ఎక్కడ, ఎంత లోతుకు, మీ అంచనాలో ఎన్ని మీటర్ల హెచ్చుతగ్గులకు అవకాశం ఉంది? ఒకే కొలతకు అనేక భూగర్భ నమూనాలు సరిపోతాయన్నది మన శాస్త్రంలోని మూల సమస్య. పైపైన పరచుకున్న వెడల్పాటి వస్తువు, లోతున ఉన్న ముద్దలాంటి వస్తువు గ్రావిటీ కొలతలో ఒకే రకమైన వంపును ఇవ్వగలవు. అందుకని మీ కొలతలకు సరిపోయే రెండో నమూనాను కూడా చూపించి, మొదటిదాన్ని ఎందుకు ఎంచుకున్నారో, రెంటిలో ఏది నిజమో తేల్చడానికి ఇంకే కొలత కావాలో రాయండి. ఉద్యోగంలో మిమ్మల్ని రోజూ అడిగేది అదే.

ఇక ప్రోగ్రామింగ్ గురించి సందేహం అవసరం లేదు, పైథాన్ వచ్చి తీరాలి. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను రాయగలగాలని ఎవరూ అడగరు. వెయ్యి ఫైళ్లను ఒకే క్రమంలో చదివి, తప్పులున్నవాటిని వేరుచేసి, ఆ పనిని రేపు మరొకరు తిరిగి చేయగలిగేలా ఉంచితే చాలు.

పొలంలో కాళ్లకు మట్టి అంటాలి

కార్యాలయపు ఉద్యోగమే మీ లక్ష్యమైనా కొన్ని వారాలైనా సర్వే బృందంతో తిరగండి. కొలత ఎలా చెడుతుందో కళ్లారా చూసినవారే ప్రాసెసింగ్ దగ్గర దాన్ని గుర్తుపట్టగలరు. భూమి అయస్కాంత క్షేత్రం ప్రాంతాన్ని బట్టి సుమారు 25,000 నుంచి 65,000 నానోటెస్లాల వరకు ఉంటుంది, మనం వెతికే మార్పు అందులో కొన్ని పదుల నానోటెస్లాలే కావచ్చు. పగటిపూట క్షేత్రం తనంతట తానే ఇంచుమించు అంతే మారుతుంది. అందుకే ఒక మాగ్నెటోమీటర్‌ను కదలకుండా ఒకచోట ఉంచి, రెండోదానితో నడుస్తూ, సాయంత్రం ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తారు. నేను చదువుకునే రోజుల్లో ఒక సర్వేలో రెండు పరికరాల గడియారాలను కలపడం మరచిపోయాను, రోజంతా ఎండలో నడిచి తెచ్చిన కొలతలను మరునాడు మొదటి నుంచి మళ్లీ తీసుకోవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఏ డేటా నా ముందుకు వచ్చినా మొదట కాలాన్నే సరిచూస్తాను. ఇలాంటి అలవాట్లు పుస్తకం చదివితే రావు.

అవకాశం ఎలా దొరుకుతుందంటే, అడిగితేనే దొరుకుతుంది. మీ విభాగంలోని పరిశోధక విద్యార్థులకు కేబుళ్లు మోయడానికి, ఎలక్ట్రోడ్లు దించడానికి మనుషులు ఎప్పుడూ కావాలి. ఎలక్ట్రోడ్ చుట్టూ ఉప్పునీళ్లు పోసి నేలతో స్పర్శ మెరుగుపరచడం, సుత్తి దెబ్బకూ రికార్డు మొదలవడానికీ మధ్య ట్రిగ్గర్ సరిగా పడిందో లేదో చూడడం వంటి చిన్న పనుల్ని శ్రద్ధగా చేసి, ప్రతి రోజూ ఫీల్డ్ నోట్‌బుక్ రాయండి. ఆ నోట్‌బుక్ పేజీ ఒకటి ఫోటో తీసి ఉంచుకోండి, ఇంటర్వ్యూలో పనికి వస్తుంది. వాహనం నడిపే లైసెన్సు, ప్రథమచికిత్స శిక్షణ, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, సముద్రం మీద పనికైతే వైద్యపరీక్ష, సముద్ర భద్రతా శిక్షణ ధ్రువపత్రాలు ఉన్నవారిని వెంటనే పంపగలరు కాబట్టి సర్వే సంస్థలు వారివైపే మొగ్గుతాయి. అయితే ఖరీదైన సముద్ర శిక్షణను సొంత డబ్బుతో ముందే చేయకండి, చాలా సంస్థలు పని ఖాయమయ్యాక తామే చేయిస్తాయి.

రెజ్యూమె, లేఖ, పరిచయాలు

రెజ్యూమెలో ‘రెసిస్టివిటీ పద్ధతిలో పరిజ్ఞానం ఉంది’ అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. దాని బదులు ‘48 ఎలక్ట్రోడ్లతో, 5 మీటర్ల ఎడంతో మూడు రెసిస్టివిటీ లైన్లు సేకరించి, చెడ్డ కొలతలను తొలగించి, ఇన్వర్షన్ చేసి, రాతి మట్టం లోతును పక్కనున్న రెండు బోర్లతో పోల్చాను’ అని రాస్తే మనిషి కళ్లముందు నిలుస్తాడు. మీరు నిజంగా చేసిన పని, దాని కొలతలు, పరికరం రకం, ఫలితాన్ని దేనితో సరిచూశారు అన్నవి నాలుగూ ఉండాలి. బృందంలో చేసిన పనిలో మీ భాగం ఏదో స్పష్టంగా చెప్పండి. చేయని పనిని రాయకండి, ఈ రంగం చిన్నది, రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది.

ఎస్‌ఈజీగా పేరుపడ్డ అన్వేషణ భూభౌతిక శాస్త్రవేత్తల సంఘం 1930 నుంచి, యూరప్‌లోని భూశాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం ఈఏజీఈ 1951 నుంచి పనిచేస్తున్నాయి. రెంటిలోనూ విద్యార్థులకు తక్కువ రుసుముతో సభ్యత్వం ఉంది, విద్యార్థి శాఖలున్నాయి. భూకంప, శుద్ధశాస్త్ర పరిశోధనల వైపు వెళ్లేవారికి 1919లో ఏర్పడిన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ ఉపయోగపడుతుంది. సభ్యత్వం ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. సదస్సుల్లో పోస్టరు ముందు నిలబడి మీ పని గురించి అడిగినవారికి వివరించడం, వారి పని గురించి నిజమైన ఆసక్తితో అడగడం, ఇంటికి వచ్చాక ఆ సంభాషణను గుర్తుచేస్తూ నాలుగు పంక్తులు రాయడం వల్ల పరిచయం నిలుస్తుంది.

చిన్న సంస్థలు చాలాసార్లు ప్రకటనలే వేయవు. వాటికి నేరుగా లేఖ రాయాలి. వారు చేసిన ఒక సర్వే గురించి చదివి, అందులో మీకు అర్థమైన చిక్కు ఏమిటో ఒక వాక్యంలో, మీరు పూర్తిచేసిన పని ఏమిటో రెండు వాక్యాల్లో, ఎప్పటి నుంచి రాగలరో ఒక వాక్యంలో రాసి, నివేదిక లంకెను జతచేయండి. అంతకు మించి అక్కరలేదు. ఒకే లేఖను యాభైమందికి పంపితే అది యాభైమందికీ తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో

చాలా ఇంటర్వ్యూల్లో ఒక బొమ్మ చేతికిచ్చి ఏమి కనిపిస్తున్నదో చెప్పమంటారు. వెంటనే భ్రంశాలు, అంటే పొరలు తెగి జరిగిన చోట్లు, గీయడం మొదలుపెట్టకండి. నిలువు అక్షం కాలమా లోతా, నిలువు సాగదీత ఎంత, రంగుల కొలబద్ద ఏది, తరంగపు ధ్రువత, అంటే ధన, ఋణ గుర్తులు, ఏ ఆనవాయితీ ప్రకారం చూపారు అని ముందు అడగండి. ఆ ప్రశ్నలే సగం జవాబు. తరువాత కచ్చితంగా కనిపిస్తున్నదాన్ని, ఊహిస్తున్నదాన్ని విడివిడిగా చెప్పండి.

రెండో రకం ప్రశ్న, ఫలానా వస్తువును వెతకడానికి ఏ పద్ధతి ఎంచుకుంటారన్నది. ఇక్కడ పద్ధతి పేరు కంటే ముందు లక్ష్యానికీ చుట్టూ ఉన్న నేలకూ మధ్య ఏ భౌతిక గుణంలో తేడా ఉంది, ఆ తేడా ఎంత, లోతుతో పోలిస్తే లక్ష్యం ఎంత పెద్దది అన్న క్రమంలో ఆలోచించాలి. తడి బంకమట్టిలో నాలుగు మీటర్ల లోతున ఉన్న పైపును రాడార్‌తో చూపమని అడిగితే, ఆ మట్టిలో విద్యుత్ వాహకత వల్ల రాడార్ తరంగం త్వరగా క్షీణిస్తుంది కాబట్టి ఆ సర్వేకు డబ్బు పెట్టవద్దని చెప్పగలగాలి. పైపు ఇనుముదైతే మాగ్నెటిక్ లేదా ఎలక్ట్రోమాగ్నెటిక్ పద్ధతిని ప్రయత్నించవచ్చు, ప్లాస్టిక్‌దైతే తవ్వి చూడడమే నయం కావచ్చు. చేయకూడని సర్వేను వద్దని చెప్పిన అభ్యర్థులను తీసుకున్నందుకు ఎవరైనా విచారించడం నేను చూడలేదు. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏమి చేస్తారో చెప్పండి.

ఒప్పందం చేతికి వచ్చాక

కొన్ని చోట్ల ఈ వృత్తికి నియంత్రణ ఉంది. కాలిఫోర్నియాలో భూభౌతిక శాస్త్రవేత్తకు ప్రత్యేక లైసెన్సు ఉంది. కెనడాలో ఖనిజ ప్రాజెక్టుల గురించి మదుపరులకు వెల్లడించే సాంకేతిక సమాచారానికి ఎన్ఐ 43-101 నిబంధన ప్రకారం అర్హత పొందిన వ్యక్తి బాధ్యత వహించాలి. అలాంటి అర్హతలకు పర్యవేక్షణలో చేసిన అనుభవాన్ని లెక్కిస్తారు కాబట్టి, మొదటి రోజు నుంచీ ఏ ప్రాజెక్టులో, ఎవరి కింద, ఏ పని చేశారో తేదీలతో రాసి పెట్టుకోండి. సర్వే సంస్థ ఒప్పందంలో ఎన్ని వారాలు పని, ఎన్ని వారాలు సెలవు, ప్రయాణపు రోజులకు జీతం ఉందా, వాతావరణం బాగాలేక పని ఆగితే చెల్లింపు ఎలా, బీమా ఎవరు కడతారు అన్నవి చదవకుండా సంతకం చేయవద్దు. ఖాతాదారుల డేటా గోప్యంగా ఉంచవలసినదే, దాన్ని తరువాతి ఉద్యోగం కోసం చూపించే నమూనాల్లో ఎన్నడూ పెట్టకూడదు. బహిరంగ డేటాతో చేసిన మీ సొంత పనిని అందుకే ఎప్పటికప్పుడు కొత్తగా ఉంచుకోవాలి.

జవాబు రాకపోయినా, ఇప్పుడు ఖాళీ లేదని జవాబు వచ్చినా, ఆ సంస్థల పేర్లను కొట్టివేయకండి. నాలుగైదు నెలల తరువాత, ఈలోగా కొత్తగా చేసిన పనిని రెండు వాక్యాల్లో చెబుతూ మళ్లీ రాయండి. చిన్న సర్వే సంస్థకు ఒప్పందం కుదిరిన వారంలోనే మనిషి కావలసి వస్తుంది, అప్పుడు ప్రకటన వేసి దరఖాస్తులు చదివే తీరిక దానికి ఉండదు. కొద్దిరోజుల క్రితం వచ్చిన లేఖను వెతికి ఫోన్ చేస్తుంది.